మేము మరచిన తహారత్ పాఠం

మదరసాలో ఫిఖ్హ్ చదువు నీటితో మొదలవుతుంది. ఇమామ్ ఖుదూరీ (రహ్మతుల్లాహి అలైహి) గారి ముఖ్తసర్‌లో తొలి ప్రకరణం తహారత్, అంటే పరిశుద్ధత. ఏ నీరు పరిశుద్ధమైనది, ఏది కాదు, వుజూలో తలపై మసహ్ ఎంత చేయాలి, గుసుల్‌లో జుట్టు కుదుళ్ల దాకా నీరు ఎలా చేరాలి అన్న విషయాలను ఇరవై ఎనిమిది సంవత్సరాలుగా విద్యార్థులకు బోధిస్తున్నాము. ఇన్ని సంవత్సరాలలో మా ఇంటి ఆడబిడ్డలు తమ తల దేనితో కడుక్కుంటున్నారో ఒక్కసారి కూడా మేము అడగలేదు. అది అడగవలసిన ప్రశ్న అని కూడా మాకు తోచలేదు. అడగకపోవటం వల్ల ఏమి జరిగిందో, తరువాత ఏమి నేర్చుకున్నామో పాఠక సోదర సోదరీమణుల ముందు ఉంచటానికే ఈ నాలుగు మాటలు. మా అమ్మాయి అనుమతితోనే రాస్తున్నాము.

మా నివాసం పిడుగురాళ్ల. సున్నపు బట్టీల ఊరు. చేతిపంపు నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లని పొర కట్టటం ఇక్కడ ప్రతి ఇంటా కనిపించేదే. మా మూడవ అమ్మాయి నరసరావుపేటలో డిగ్రీ చదువుతున్నది. ప్రతిదినం బస్సులో వెళ్లి వస్తుంది. గత సంవత్సరం వేసవిలో రెంటచింతల ఎండల గురించి పత్రికలు రోజూ రాస్తున్న దినాలవి. అంత ఉక్కలోనూ అమ్మాయి ఇంటి లోపల సైతం తలపై దుపట్టా తీయటం మానివేసింది. కన్నతండ్రి ఎదుట కుమార్తె తల కప్పుకోవలసిన విధి షరీఅత్‌లో లేదు. ఆ సంగతి మాకు తెలియనిది కాదు. అయినా అది బిడ్డకు అబ్బిన అదబ్ అనుకున్నాము, లోలోపల సంతోషించాము కూడా.

ఒక సాయంకాలం అమ్మాయి పుస్తకాల సంచిలో ఒక షాంపూ సీసా మా కంటబడింది. 200 మిల్లీలీటర్లు, ధర 399 రూపాయలు. మదరసా ఉపాధ్యాయుని ఇంటిలో అది దాదాపు రెండు వారాల పాల ఖర్చు. అంతకు ముందు వారమే స్త్రీల ఇజ్తిమాలో దుబారా గురించి బయాన్ చేసి ఉన్నాము. ఆ ఊపులోనే అన్నాము:

"బేటీ, కప్పుకునే జుట్టుకు ఇంత ఖర్చు ఎవరి కోసం?"

అమ్మాయి ఎదురు చెప్పలేదు. "సరే అబ్బా" అన్నది. మరునాడు ఆ సీసా తిరిగి ఇచ్చి వచ్చింది. మేము మా మాట నెగ్గినందుకు తృప్తిపడ్డాము.

పన్నెండు రోజుల తరువాత దిండు గలేబులు ఉతుకుతూ మా ఇల్లాలు ఒక గలేబుపై గోధుమరంగు మచ్చలు చూసింది. అమ్మాయిని పిలిచి దుపట్టా తీయించింది. చెవుల వెనుక, మెడపైన చర్మం ఎర్రగా కమిలి, గోళ్లతో గీరిన చోటల్లా పక్కులు కట్టి ఉన్నది. పాపిడి వెడల్పయింది. ఆరు నెలలుగా ఇలాగే ఉన్నదట. ఎందుకు చెప్పలేదని తల్లి అడిగితే, "బక్రీద్ తరువాత సంబంధం వాళ్లు వస్తామన్నారు కదా అమ్మీ, తల జబ్బు పిల్ల అని పేరు పడుతుందని" అన్నది. కాసేపాగి, "అబ్బాకు ఖర్చు" అన్నది. ఆ రెండో మాట మా ఇల్లాలు మాకు రాత్రి భోజనం అయిన తరువాతనే చెప్పింది. చెప్పి ఊరుకుంది. ఆ రాత్రి మేము తహజ్జుద్‌కు లేవనవసరం లేకపోయింది, అసలు నిద్రే పట్టలేదు.

మరునాడు నరసరావుపేటలో ఒక చర్మవైద్యురాలి వద్దకు తీసుకువెళ్లాము. ఆమె పరీక్షించి తామర కాదు, అంటువ్యాధి కాదు అని ముందుగా మా భయం తీర్చారు. తరువాత ఒక్కొక్కటే అడిగారు. తల దేనితో రుద్దుకుంటావు? ఎన్నిసార్లు? ఏ నీళ్లు? సమాధానాలు వింటుంటే మేమే తొలిసారిగా మా ఇంటి సంగతి వింటున్నట్లు అనిపించింది. బస్సు ప్రయాణపు దుమ్ము, బట్టీల వైపు నుండి వచ్చే సున్నపు ధూళి వల్ల అమ్మాయి రోజూ తలస్నానం చేస్తున్నది. రెండేసి రూపాయల షాంపూ ప్యాకెట్లు రెండు వాడుతున్నది. అవి లేనినాడు ఒంటి సబ్బుతోనే తల రుద్దుకుంటున్నది. దురద పెరిగితే తల శుభ్రపడలేదేమోనని ఇంకా గట్టిగా రుద్దుతున్నది. శుభ్రత కోసం ఎంత పాటుపడితే పుండు అంత పెరిగింది.

వైద్యురాలు రెండు వారాలకు పూతమందు ఇచ్చారు. పుండ్లు మానేవరకు కొత్త ప్రయోగాలేవీ వద్దన్నారు. మానిన తరువాత వారానికి రెండుసార్లు మాత్రమే, సల్ఫేటు లేని షాంపూతో తల కడుక్కోమన్నారు. మేము సిగ్గు విడిచి అడిగాము: "అమ్మా, అటువంటివి 400 రూపాయలకు తక్కువ దొరకవా?" ఆమె నవ్వి, "దొరుకుతాయి మౌలానా గారూ. సీసా ముందు భాగం కాదు, వెనుక భాగం చదవండి" అన్నారు.

ఆ మాటే మాకు కొత్త పాఠమైంది. మాకు అరబీ, ఉర్దూ, ఫార్సీ, తెలుగు వచ్చును. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కోవటమే కాని చదవటం రాదు. కనుక అమ్మాయి చదివింది, మేము నోటుపుస్తకంలో ఉర్దూ లిపిలో రాసుకున్నాము. ఉస్తాద్ స్థానంలో బిడ్డ, తాలిబ్ స్థానంలో తండ్రి. దుకాణాలలో, అమ్మాయి కళాశాల గ్రంథాలయంలో, వైద్యురాలి వద్ద రెండవసారి వెళ్లినప్పుడు, ఇలా మూడు నెలలలో పోగుచేసుకున్న విషయాలు ఇవి.

సల్ఫేటు అంటే షాంపూలో మురికిని విడదీసే పదార్థాలలో ఒక కుటుంబం. సీసాల వెనుక ఎక్కువగా కనిపించే పేర్లు మూడు: సోడియం లారిల్ సల్ఫేట్, సోడియం లారెత్ సల్ఫేట్, అమోనియం లారిల్ సల్ఫేట్. ఈ అణువుకు ఒక కొన నూనెను పట్టుకుంటుంది, మరొక కొన నీటిని పట్టుకుంటుంది. అందువల్ల జిడ్డు నీటితోపాటు కొట్టుకుపోతుంది. చవకగా తయారవుతుంది, నురుగు బాగా వస్తుంది, కాబట్టి తయారీదారులకు ప్రీతిపాత్రం. అయితే చర్మం తనను తాను కాపాడుకోవటానికి ఉంచుకున్న సహజమైన జిడ్డును కూడా ఇది తీసివేస్తుంది. మూడింటిలో లారిల్ సల్ఫేట్ ఘాటైనది, లారెత్ సల్ఫేట్ దానికంటె కొంత మెత్తనిది.

ఇక్కడ ఒక న్యాయమైన మాట చెప్పాలి. సల్ఫేటు విషమని, క్యాన్సర్ తెస్తుందని ఫోన్లలో తిరిగే మాటలు మేమూ విన్నాము. వైద్యురాలు వాటిని కొట్టిపారేశారు. కడిగివేసే షాంపూలోని సల్ఫేటు క్యాన్సర్ కలిగిస్తుందనటానికి ఆధారం లేదు. పొడిబారే చర్మం, ఎగ్జిమా, త్వరగా కమిలే స్వభావం ఉన్నవారికి మాత్రం అది బాధ కలిగిస్తుంది. మిగిలినవారు ఏ ఇబ్బందీ లేకుండా వాడుకుంటున్నప్పుడు మార్చవలసిన అవసరమేమీ లేదు. వార్త వచ్చినప్పుడు విచారించి తెలుసుకోమని దివ్యఖుర్ఆన్ హుజురాత్ సూరాలో మనకు ఆదేశం ఉన్నది. ఆ ఆదేశం షాంపూ వార్తలకూ వర్తిస్తుంది.

అమ్మాయి బాధకు మరొక భాగస్వామి మా పల్నాటి నీరు. మన నేల అడుగున ఉన్నది సున్నపురాయి. మాచర్ల నాపరాళ్లు, పిడుగురాళ్ల సున్నం, దాచేపల్లి వైపు సిమెంటు కర్మాగారాలు, అన్నీ ఆ రాతి మీద బతుకుతున్నవే. ఆ రాతిలోని కాల్షియం బోరు నీటిలో కరిగి వస్తుంది. అటువంటి కఠిన జలంలో సబ్బు నురగదు. కాల్షియంతో కలిసి తెల్లని తెట్టుగా మారి జుట్టుకు, మాడుకు అంటుకుంటుంది. పైగా సబ్బుకు క్షారగుణం, మాడు చర్మానికి స్వల్పమైన ఆమ్లగుణం. కాబట్టి ఒంటి సబ్బుతో తల రుద్దుకోవటం మా ప్రాంతంలో రెండు విధాల కీడు. దీనికి ఖర్చు లేని ఉపాయం ఒకటి ఉన్నది. ఈ కాఠిన్యంలో కొంత భాగం నీరు మరిగిస్తే విడిపోతుంది. గిన్నెకు కట్టే తెల్లపొర అదే. నీటిని మరిగించి, చల్లార్చి, పైనున్న తేట వంచుకుంటే తలకు చివరి రెండు చెంబులకు సరిపోతుంది. వానాకాలంలో పట్టిన వాననీరు ఇంకా శ్రేష్ఠం.

నీటి కరవు ప్రాంతంలో ఇంత నీరెక్కడిదని ఎవరైనా అడగవచ్చు. మహాప్రవక్త ముహమ్మద్ (స) ఒక సా నీటితో, అంటే సుమారు మూడు లీటర్లలోపు నీటితో గుసుల్ చేసేవారని హదీసు గ్రంథాలలో ఉన్నది. రెండు చెంబుల తేటనీరు ఏ ఇంటికీ భారం కాదు.

ఇక కొనుగోలు సంగతి. సీసా ముందు భాగంలో "హెర్బల్" అని ఉంటుంది, ఆకులూ పువ్వులూ ఉంటాయి. వెనుక చదివితే నీటి తరువాత రెండవ పేరుగా లారెత్ సల్ఫేట్ ఉంటుంది. పదార్థాలను పరిమాణంలో ఎక్కువైన దాని నుండి తక్కువైన దాని వరకు వరుసగా రాస్తారు. కాబట్టి మొదటి నాలుగైదు పేర్లు చదివితే సీసా స్వభావం తెలిసిపోతుంది. "బేబీ" అని రాసి ఉన్నా వెనుక చూడవలసిందే. అక్కడ కూడా మేము సల్ఫేటు చూశాము. ఆ పదాన్ని ఇంగ్లీషులో కొందరు "ఎఫ్" అక్షరంతో, మరికొందరు "పి, హెచ్" అక్షరాలతో రాస్తారు. రెండూ ఒకటే.

మెత్తనివిగా వైద్యురాలు రాసి ఇచ్చిన పేర్లు ఇవి: కోకమిడోప్రొపైల్ బీటైన్, డెసిల్ గ్లూకోసైడ్, కోకో గ్లూకోసైడ్, సోడియం కోకాయిల్ ఐసెథియొనేట్, సోడియం లారాయిల్ సార్కోసినేట్. మొదటి వరుసలో ఇవి ఉండి సల్ఫేటు లేకపోతే మన పనికి వస్తుంది. ఒలెఫిన్ సల్ఫొనేట్ అన్నది ఒకటి ఉన్నది. పేరు సల్ఫేటు కాదు కనుక "సల్ఫేటు లేదు" అని ముందు భాగంలో రాసుకోవచ్చు. కాని శుభ్రపరచే గుణంలో అది కూడా ఘాటైనదే. సున్నితమైన మాడు ఉన్నవారు దానిని గమనించాలి.

ధరను సీసాతో కాక మిల్లీలీటరుతో లెక్కవేయాలి. మా లెక్క చెబుతాము. అమ్మాయి రోజుకు రెండు ప్యాకెట్లు వాడేది, అంటే నాలుగు రూపాయలు. నెలకు 120 రూపాయలు. మేము నరసరావుపేటలో వెదకగా దొరికిన, సల్ఫేటు లేని మామూలు సీసా ఒకటి 250 మిల్లీలీటర్లు 225 రూపాయలు. మిల్లీలీటరుకు 90 పైసలు. ఒక్కసారికి 8 మిల్లీలీటర్ల చొప్పున, వారానికి రెండుసార్లు అంటే నెలకు తొమ్మిది స్నానాలకు 72 మిల్లీలీటర్లు. దాదాపు 65 రూపాయలు. చవక అనుకున్నది 120, ఖరీదు అనుకున్నది 65. ఈ లెక్క మేము ముందే వేసి ఉంటే, అమ్మాయి తెచ్చిన ఆ 399 రూపాయల సీసా కూడా మిల్లీలీటరుకు రెండు రూపాయల లెక్కన నెలకు 144 రూపాయలే అయ్యేదని, మేమన్నంత దుబారా కాదని తెలిసేది.

దుకాణదారు మాకు పాత పరిచయస్తుడు. "గురువుగారూ, దీంతోపాటు కండిషనరు కూడా సల్ఫేటు లేనిదే తీసుకోండి, 350 అవుతుంది" అన్నాడు. అమ్మాయి మెల్లగా, "అబ్బా, వెనుక చూడండి" అన్నది. పక్కనే ఉన్న వంద రూపాయల కండిషనరు వెనుక చూశాము. అందులోనూ సల్ఫేటు డిటర్జెంటు లేదు. తరువాత వైద్యురాలు చెప్పారు, కండిషనరు పని మురికి తీయటం కాదు, జుట్టును నునుపు చేయటం. అందువల్ల మామూలు కండిషనర్లలో ఈ డిటర్జెంట్లు సాధారణంగా ఉండనే ఉండవు. లేనిదానిని లేదని చెప్పినందుకు 250 రూపాయలు ఎక్కువ ఇవ్వనవసరం లేదు. కొన్నింటిలో "మెథోసల్ఫేట్" అన్న మాట కనిపించవచ్చు. అది కూడా నునుపు చేసే పదార్థమే, భయపడవలసినది కాదు. కండిషనరు జుట్టు చివరలకు రాసి కడుగుకోవాలి, మాడుకు పట్టించకూడదు.

ఈ కండిషనర్ల వెనుక "సిటైల్ ఆల్కహాల్", "సెటియరిల్ ఆల్కహాల్" అన్న పేర్లు చూసి మా విద్యార్థులలో ఒకరు, "హజ్రత్, ఇది హరామ్ కాదా?" అని అడిగాడు. మంచి ప్రశ్న. రసాయన శాస్త్రంలో ఆల్కహాల్ అన్నది ఒక పెద్ద కుటుంబం పేరు. ఇవి మైనం వంటి గట్టి పదార్థాలు, మత్తు కలిగించేవి కావు, సారా కావు. మత్తు కలిగించే ఎథనాల్‌ను పైపూతగా వాడటం గురించి ఉలమాలలో అభిప్రాయభేదం ఉన్నది. దానిని తమ ముఫ్తీ గారిని అడిగి తెలుసుకోవాలి. "కెరటిన్" అన్నది ఉన్ని, ఈకలు, కొమ్ముల వంటి జంతు భాగాల నుండి వస్తుంది కాబట్టి సందేహం ఉన్నవారు అది లేనిదానిని ఎంచుకోవటం నిశ్చింత. కండిషనరు మిగిల్చే నునుపు నూనె వంటిదే. పొరగా కట్టి నీటిని ఆపనంతవరకు వుజూకు, గుసుల్‌కు అడ్డం కాదు.

షాంపూ అన్న మాట కూడా మన దేశం నుండే వెళ్లినది. హిందుస్తానీలో "చాంపో" అంటే మర్దన చేయమని. 1759లో పాట్నాలో జన్మించిన షేక్ దీన్ ముహమ్మద్ అనే వ్యక్తి ఇంగ్లాండుకు వెళ్లి, 1814లో బ్రైటన్ పట్టణంలో ఆవిరి స్నానశాల తెరిచి ఆ మర్దనకు ప్రసిద్ధి తెచ్చారు. రాజకుటుంబీకులు సైతం ఆయన సేవలు పొందారు. తరువాతి కాలంలో ఆ మాట తల కడుగుకునే ద్రవానికి స్థిరపడింది. మన చిన్నతనంలో సీసా షాంపూ సంపన్నుల వస్తువు. తమిళనాడులోని కడలూరుకు చెందిన చిన్నికృష్ణన్ చిన్న ప్యాకెట్ల ఆలోచనకు ఆద్యులలో ఒకరు. ఆయన కుమారుడు రంగనాథన్ 1983లో సొంత సంస్థ ప్రారంభించి ఆ ప్యాకెట్టును పల్లెల కిరాణా కొట్ల దాకా చేర్చారు. పేదవానికి అందుబాటు కలగటం మంచిదే. అయితే ఆ ప్యాకెట్ల తోరణం కొట్టు ముందు వేలాడటం మొదలైన తరువాత మన ఇళ్లలో కుంకుడుకాయల డబ్బా అటకెక్కింది.

మా ఇంట్లో ఆ డబ్బాను మా ఇల్లాలే దించింది. పుండ్లు పూర్తిగా మానిన తరువాత, వైద్యురాలిని అడిగి, నెలలో సగం స్నానాలు కుంకుడుకాయలతో చేయిస్తున్నది. ఎనిమిది పది కాయలు చితకగొట్టి, గింజలు తీసివేసి, వేడినీటిలో రాత్రంతా నానబెట్టి, ఉదయం పిసికి పలుచని బట్టతో వడగట్టాలి. వడగట్టకపోతే పిప్పి మాడుకు గీసుకుంటుంది. కళ్లలో పడితే భగ్గుమంటుంది, కాబట్టి తల వెనుకకు వంచి పోసుకోవాలి. ఆ రసం రెండవ రోజుకు పాడవుతుంది, నిల్వ ఉంచరాదు. కుంకుడులో, శీకాయలో ఉన్న సాపోనిన్లు అనే పదార్థాలే సహజంగా నురగనిస్తాయి. సబ్బువలె సున్నపు నీటితో తెట్టు కట్టవు. పావుకిలో కాయలు నలభై రూపాయలకు తెచ్చుకున్నాము. 1956లో విశాఖపట్నం కేంద్రంగా ఏర్పడిన గిరిజన సహకార సంస్థ అడవిబిడ్డల వద్ద కుంకుడు, శీకాయ సేకరించి అమ్ముతుంది. అక్కడ కొంటే కల్తీ భయం తక్కువ, ఏరుకున్నవారికి కూలీ దక్కుతుంది. కండిషనరుకు బదులు మందారాకులు నూరి తీసిన జిగురు జుట్టుకు రాసుకోవచ్చు. తలస్నానానికి ముందు కొద్దిగా కొబ్బరినూనె పట్టిస్తే జుట్టు పెళుసుబారటం తగ్గుతుంది. అయితే సహజమైనదంతా అందరికీ పడుతుందని అనుకోరాదు. ముందుగా మోచేతి మడతలో రాసి ఒక రోజు చూడాలి.

ఒకనాడు మా ఇల్లాలు గురజాలలోని పుట్టింటి నుండి ఒక సంచి రేగాకులు తెచ్చి నీడన ఆరబెట్టింది. మా వాడలో స్త్రీ ఎవరైనా మరణిస్తే మయ్యత్‌కు స్నానం చేయించటానికి మా ఇల్లాలినే పిలుస్తారు. అందువల్ల రేగాకు మా ఇంటికి కొత్త కాదు. కాని ఈసారి ఆ ఆకు అమ్మాయి తలకు అని తెలియగానే ఎనభై దాటిన మా అమ్మీ మంచం మీదినుండే కేకవేశారు:

"మయ్యత్ ఆకు బతికున్న పిల్ల తలకా? తోబా, తోబా!"

మా ఇల్లాలు మావైపు చూసింది. మేము మాట్లాడవలసిన సందర్భం అది. మహాప్రవక్త (స) కుమార్తె మరణించినప్పుడు నీటితో, సిద్ర్ ఆకుతో బేసి సంఖ్యలో స్నానం చేయించి, చివరిసారి కర్పూరం కలపమని ఆయన ఆదేశించారని ఉమ్మె అతియ్యా (రజి) తెలిపారు. ఆ స్త్రీలు ఆమె జుట్టు దువ్వి మూడు జడలు అల్లారు. ఈ హదీసు అందరికీ తెలుసు. కాని సిద్ర్ మృతులకు మాత్రమే చెప్పినది కాదు. ఖైస్ బిన్ ఆసిమ్ (రజి) ఇస్లాం స్వీకరించినప్పుడు నీటితో, సిద్ర్‌తో స్నానం చేయమని ఆదేశం పొందారు. స్త్రీల నెలసరి తరువాతి స్నానం గురించి అస్మా (రజి) అడిగినప్పుడు కూడా ప్రవక్త (స) నీటితోపాటు సిద్ర్‌నే ప్రస్తావించి, తల కుదుళ్ల దాకా రుద్దుకోవాలని బోధించారు. అరబ్బు దేశాల సిద్ర్, మన రేగు ఒకే ప్రజాతికి చెందిన వృక్షాలు. ఆ ఆకులోనూ నురగనిచ్చే గుణం ఉన్నది. అరబ్బు దేశాలలో నేటికీ సిద్ర్ పొడి తలకు వాడుతారు.

ఇదంతా అమ్మీకి చెప్పాము. ఆమె చాలాసేపు మౌనంగా ఉండి, "మా అమ్మ కూడా వాడేదిరా, నేనే మరిచాను" అన్నారు. ఆ మాట మా మనసులో నిలిచిపోయింది. జీవించి ఉన్నవారి తలకు చెప్పిన సున్నితమైన ఆకును మనం చివరి స్నానానికి మాత్రమే మిగుల్చుకున్నాము. బతికి ఉన్న బిడ్డ తలను మాత్రం ఏ ప్యాకెట్టు చవకో దానికి వదిలివేశాము.

రేగాకు పొడిని గోరువెచ్చని నీటిలో కలిపి, అయిదు నిమిషాలు ఉంచి కడుగుకుంటే కుంకుడంత శుభ్రం చేయదు. ప్రయాణపు దుమ్ము బాగా పట్టిన రోజుకు చాలదు. దుమ్ము తక్కువైన రోజుకు మాత్రం హాయిగా ఉంటుందని అమ్మాయి అంటుంది. అందువల్ల ఇప్పుడు మా ఇంట్లో మూడూ ఉన్నాయి: సీసా, కుంకుడు, రేగాకు. బస్సులో తలకు కట్టుకోవటానికి లోపల ఒక పలుచని నూలు టోపీ కూడా మా ఇల్లాలు కుట్టింది. అది రోజూ ఉతుకుతారు. తల రోజూ కడగవలసిన పని తప్పింది.

పుండ్లు మానటానికి అయిదు వారాలు పట్టింది. పాపిడి వద్ద చిన్న వెంట్రుకలు మొలవటం నాలుగవ నెలలో మా ఇల్లాలు చూసింది. ఈ మధ్యలోనే బక్రీద్ వచ్చింది, సంబంధం వారి స్త్రీలూ వచ్చారు. దాచవద్దని అమ్మాయికి మేమే చెప్పాము. అమ్మాయి తన నోటితోనే, తల చర్మానికి జబ్బు చేసిందని, వైద్యం జరుగుతున్నదని చెప్పింది. వారిలో ఒక పెద్దావిడ కొంగు సర్దుకుంటూ, "మా చిన్న కోడలికీ ఇదే, ఏం వాడుతున్నావు బేటీ?" అని అడిగారట. ఆ సంబంధం సంగతి ఇంకా మాటలలోనే ఉన్నది. దాని కంటె ఆ ప్రశ్నే మాకు ఎక్కువ ముఖ్యమనిపించింది. కప్పిన తలల కింద ఎన్ని ఇళ్లలో ఎందరు బిడ్డలు ఇలా మౌనంగా గీరుకుంటున్నారో ఆనాడు తెలిసింది.

ఒక శుక్రవారం జుమా నుండి వచ్చి అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకున్నాము. "ఆనాడు సీసా చూసినప్పుడు ఎవరి కోసమని అడిగాము. అడగవలసిన ప్రశ్న అది కాదు బేటీ. ఎందుకు కావలసి వచ్చిందని అడగాలి. తప్పు మాది" అన్నాము. అమ్మాయి తల వంచుకుని, "అబ్బా, నేను కూడా చెప్పవలసింది" అన్నది. తరువాత లేచి వెళ్లి టీ తెచ్చింది. తలపై దుపట్టా లేదు.

దుబారా నిషిద్ధమే. ఆ బోధన మేము మానలేదు. కాని జుట్టు ఉన్నవారు దానిని గౌరవంగా చూసుకోవాలన్న ప్రవక్త బోధన కూడా హదీసు గ్రంథాలలోనే ఉన్నది. పరదా జుట్టును పరుల చూపు నుండి కాపాడుతుంది. ఇంటివారి శ్రద్ధ నుండి దానిని దాచటానికి కాదు. బయట కనిపించేదానికి ఖర్చుపెట్టి, కనిపించనిదానికి వెనుకాడటం మనలో చాలామందికి అలవాటు. పెళ్లి పందిరికి అప్పు చేస్తాము, బిడ్డ తల పుండుకు నాలుగు వందలు లెక్కచూస్తాము.

ఈ సంవత్సరం మదరసాలో తహారత్ ప్రకరణం మొదలుపెట్టినప్పుడు, నీటి రకాలు చెప్పిన తరువాత విద్యార్థులకు ఒక పని అప్పగించాము. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు తల్లిని, అక్కచెల్లెళ్లను తల దేనితో కడుగుకుంటున్నారో, ఏమైనా బాధ ఉన్నదేమో అడిగి రమ్మన్నాము. పిల్లలు నవ్వారు. పాఠక సోదరులారా, మీరు మాత్రం నవ్వి ఊరుకోకండి. ఈ పూట ఇంటికి వెళ్లి ఒక్కసారి అడగండి. సమాధానం వెంటనే రాకపోతే తొందరపడకండి, తల్లి చేత అడిగించండి.

అల్లాహ్ మన ఇళ్లను బాహ్యంగానూ అంతరంగంలోనూ పరిశుద్ధం చేయుగాక. మన బిడ్డలు తమ బాధ మన ముందు చెప్పుకోవటానికి జంకని ఇళ్లుగా వాటిని మార్చుగాక. ఆమీన్.